ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్న అద్దె కారుకు సొట్ట పడితే డబ్బు ఎవరు కట్టాలి?

కర్ణాటక సరిహద్దు ఊరైన రొళ్ల నుంచి తిరుపతి వెళ్లి మొక్కు తీర్చాలన్నా, బెంగళూరులో ఉద్యోగం చేసే పిల్లలు పండక్కి ఊరికి రావాలన్నా సెల్ఫ్ డ్రైవ్ కారు తీసుకోవడం ఇప్పుడు మామూలైపోయింది. అద్దె ఎంత, కిలోమీటర్ల లిమిట్ ఎంత అని గంటసేపు బేరమాడతాం. బండికి దెబ్బ తగిలితే మన చేతి నుంచి ఎంత పడుతుందన్నది మాత్రం అడగం. బంపర్ పగిలాక అడిగితే ఆ లెక్క ఓనరు చెప్పినట్టే నడుస్తుంది.

అపోహ: “ఫుల్ ఇన్సూరెన్స్ ఉందన్నా, ఏమైనా అయితే కంపెనీవాళ్లే చూసుకుంటారు.”

ఆ పాలసీ ఓనరుది. అది కాపాడేది ఓనరు నష్టాన్ని. మీరు ఓనరుకు ఎంత బాకీ పడతారన్నది మీరు సంతకం పెట్టిన అద్దె ఒప్పందం తేలుస్తుంది. ఈ రెండూ వేర్వేరు కాగితాలు.

ఓనరు క్లెయిమ్ వేసినా బిల్లు మొత్తం రాదు. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు, టైర్లకు, బ్యాటరీకి సగం తరుగుదల కింద కోస్తారు. 12,000 రూపాయల బంపర్ మారిస్తే లెక్కలోకి వచ్చేది 6,000 మాత్రమే. అందులోంచి మళ్లీ తప్పనిసరి కోత ఒకటుంటుంది. సొంత వాడకం కార్లకైతే ఇది 1,500 సీసీ లోపు 1,000, ఆ పైన 2,000 రూపాయలు. జీరో డిప్రిసియేషన్ (జీరో డెప్) పాలసీ తీసుకున్న బండికి చాలా భాగాల మీద తరుగుదల కోత పడదు. కాబట్టి బండి తీసుకునేటప్పుడు “జీరో డెప్ ఉందా?” అని అడగండి.

చిన్న సొట్టలకు ఓనర్లు క్లెయిమ్ వేయకపోవడానికి ఇంకో కారణం ఉంది. ఒక్క క్లెయిమ్ వేస్తే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. ఏళ్ల తరబడి క్లెయిమ్ లేని బండికి సొంత డ్యామేజీ ప్రీమియంలో ఆ తగ్గింపు 20 శాతంతో మొదలై 50 శాతం దాకా ఉంటుంది. దాన్ని వదులుకోవడం కంటే మీ డిపాజిట్‌లోంచి పట్టుకోవడమే ఓనరుకు లాభం. బండి షెడ్డులో ఉన్నన్నాళ్ల అద్దె కూడా మీ మీదే వేస్తామని చాలా ఒప్పందాల్లో రాసి ఉంటుంది. ఆ అద్దె నష్టాన్ని మామూలు మోటారు పాలసీ ఇవ్వదు.

అపోహ: “బుకింగ్‌లో ప్రొటెక్షన్ ప్యాకేజీకి ఎక్స్‌ట్రా కట్టాను, ఇక నాకేం సంబంధం లేదు.”

ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. ఆ ప్యాకేజీ చాలాసార్లు ఇన్సూరెన్స్ కాదు, “ఇంతకు మించి మీ దగ్గర వసూలు చేయం” అని అద్దెకిచ్చేవాళ్లు ఇచ్చే మాట. ఆ మాటకు షరతులుంటాయి. టైర్లు, అద్దాలు, తాళం పోవడం, బండి అడుగుభాగం సాధారణంగా అందులోకి రావు. తాగి నడిపినా, లైసెన్సు లేకపోయినా, బుకింగ్‌లో పేరు లేని స్నేహితుడికి స్టీరింగ్ ఇచ్చినా ఆ మాట చెల్లదు.

అడుగుభాగం సంగతి మన దారులకు బాగా వర్తిస్తుంది. తారు రోడ్డు దిగి వక్క తోట దారి పట్టగానే రాయి తగిలి ఆయిల్ సంప్ పగలొచ్చు. డ్యాష్‌బోర్డు మీద ఎర్రగా ఆయిల్ గుర్తు వెలుగుతుంది. “ఊరు దగ్గరే కదా” అని అలాగే నడిపితే ఇంజిన్ పట్టేస్తుంది. సంప్‌కైతే పాలసీలో క్లెయిమ్ ఉంటుంది. దెబ్బ తగిలాక నడపడం వల్ల పోయిన ఇంజిన్‌కు మామూలు పాలసీలో పైసా రాదు. లైటు వెలిగిన చోటే బండి ఆపి, ఇంజిన్ కట్టేసి, అద్దెకిచ్చినవాళ్లకు ఫోన్ చేయాలి. వాళ్లకు చెప్పకుండా ఊళ్లో మెకానిక్ దగ్గర బాగు చేయిస్తే ప్యాకేజీ కూడా పోయే ప్రమాదముంది.

ప్యాకేజీల్లో ఏది చౌక అన్నది కట్టే రుసుము ఒక్కటే చూసి తేల్చకండి. రెండు వందలు తక్కువ కట్టి పది వేలు ఎక్కువ బాధ్యత నెత్తిన వేసుకోవడం పొదుపు కాదు. ఖర్చు లేని జాగ్రత్త ఇంకొకటుంది: బండి తీసుకునేటప్పుడు, తిరిగి ఇచ్చేటప్పుడు నాలుగు పక్కలా, చక్రాలు, కింద, మీటరు రీడింగు కనిపించేలా వీడియో తీసి అక్కడికక్కడే వాళ్ల వాట్సాప్‌కు పంపడం.

అపోహ: “తెలిసినవాళ్ల తెల్ల బోర్డు కారైతే చౌక, నమ్మకం.”

అద్దె మాత్రమే చౌక. సెల్ఫ్ డ్రైవ్ బండికి నల్ల పలక మీద పసుపు అక్షరాలుండాలి. తెల్ల బోర్డు బండికుండే సొంత వాడకం పాలసీలో, డబ్బు తీసుకుని అద్దెకిస్తే చెల్లదన్న షరతు స్పష్టంగా ఉంటుంది. బండికి దెబ్బ తగిలితే క్లెయిమ్ కొట్టేస్తారు, అప్పుడు ఆ తెలిసినాయన మొత్తం మీ దగ్గరే అడుగుతాడు. ఎవరికైనా గాయమైతే సంగతి ఇంకా పెద్దది. షరతులు తప్పిన కేసుల్లో బాధితుడికి ముందు కంపెనీ చెల్లించి తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోవాలని కోర్టులు ఎన్నోసార్లు ఆదేశించాయి. స్నేహం అక్కడితో చెడుతుంది.

అపోహ: “కేఏ (కర్ణాటక) బండి ఇన్సూరెన్స్ ఆంధ్రాలో చెల్లదు.”

చెల్లుతుంది, పాలసీ దేశమంతటికీ వర్తిస్తుంది. అద్దె ఒప్పందం మాత్రం రాష్ట్రం దాటకూడదని ఆంక్ష పెట్టొచ్చు. మడకశిర, రొళ్ల, అగళి వైపు వచ్చేవాళ్లు శిర దాటకముందే అది చూసుకోవాలి. పాలసీ గడువు ఉందో లేదో ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే తెలుస్తుంది. ఇన్సూరెన్స్ లేని బండి నడిపినవారికి కూడా మొదటిసారి 2,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు.

అపోహ: “నడిపేవాడికి కూడా 15 లక్షల కవరు ఉంటుంది.”

ఆ 15 లక్షల ప్రమాద బీమా బండి ఓనరే నడుపుతున్నప్పుడు ఆయనకు వర్తించేది. అద్దెకు తీసుకున్న మీరు ఓనరు కారు. మీ కుటుంబానికి ఏదో ఒక అండ వేరుగా ఉండాల్సిందే. 18 నుంచి 70 ఏళ్ల లోపువారికి ప్రధానమంత్రి సురక్ష బీమా యోజన బ్యాంకు ఖాతాలోంచి ఏడాదికి 20 రూపాయలకే దొరుకుతుంది. ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు ఇస్తారు. రెండు లక్షలు చాలవు, నిజమే. అయినా అది కూడా లేని ఇళ్లు చాలా ఉన్నాయి.

అపోహ: “విదేశంలో విమానాశ్రయం కౌంటర్ దగ్గర అమ్మేది కొనక తప్పదు.”

పిల్లల దగ్గరికి ఇంగ్లండో ఆస్ట్రేలియానో వెళ్లేవాళ్లకు ఈ మాట పనికొస్తుంది. ఆ దేశాల్లో అద్దెకు తీసుకున్నవారి మీద పడే మొత్తానికే విడిగా పాలసీలు అమ్ముతారు. ప్రయాణానికి ముందే కొంటే కౌంటర్ ధర కంటే చాలావరకు తక్కువకు వస్తాయి. అయితే డ్యామేజీ డబ్బు ముందు మీ కార్డులోంచి కోస్తారు, బిల్లులు పంపాక పాలసీ తిరిగి ఇస్తుంది. ఆ దేశంలో ఉండేవాళ్లకే అమ్మే పాలసీలు కూడా ఉంటాయి గనక ఆ షరతు చూసి కొనాలి.

అపోహ: “డిపాజిట్ పట్టుకున్నారంటే ఇక చేసేదేమీ లేదు.”

2019 వినియోగదారుల రక్షణ చట్టం మితిమీరిన డిపాజిట్ అడగడాన్నీ, నష్టానికి పొంతన లేని జరిమానా వేయడాన్నీ అన్యాయమైన ఒప్పందం కింద పేర్కొంది. ముందుగా షెడ్డు బిల్లు, పాత భాగాల ఫొటోలు, క్లెయిమ్ వేశారో లేదో రాతపూర్వకంగా అడగండి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. ఒప్పందమే అన్యాయమని వాదించాలంటే జిల్లా కమిషన్‌కు కాదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి.