కోతకు పోయే బండి భద్రమేనా?

మిరప కోతలు మొదలయ్యాయంటే గుంటూరు, పల్నాడు, ప్రకాశం పల్లెల్లో తెల్లవారకముందే సందడి మొదలవుతుంది. సద్ది క్యారేజీ, నీళ్ల సీసా, తలగుడ్డ పట్టుకుని ఆడకూలీలు ఊరి సెంటరుకు చేరతారు. మేస్త్రి తలలు లెక్కపెడతాడు. అంతవరకు బాగానే ఉంటుంది. వచ్చిన చిక్కల్లా బండితోనే. ఏది దొరికితే అది ఎక్కాల్సిందే.

పండిన కాయ మనకోసం ఆగదు. చెట్టు మీదే ఎక్కువ రోజులుంటే రంగు, తూకం రెండూ తగ్గుతాయి. పైన ఒక వాన పడిందా, తాలుకాయ పెరుగుతుంది. ఊళ్లో మనుషులు చాలక రైతు పక్క ఊళ్ల నుంచి కూలీలను తెచ్చుకుంటాడు. కర్నూలు వైపు నుంచి కుటుంబాలతో వలస వచ్చి పొలం పక్కనే గుడారాలు వేసుకునే వాళ్లకు రోజువారీ ప్రయాణం బాధ తక్కువ. పొద్దున వచ్చి సాయంత్రం పోయే వాళ్లదే అసలు కష్టం.

బస్సుంది గానీ...

2025 ఆగస్టు 15న ప్రారంభమైన స్త్రీశక్తి పథకంతో ఆడవాళ్లకు పల్లెవెలుగు బస్సులో ప్రయాణం ఉచితమైంది. మంచిదే. అయితే బస్సు తారురోడ్డు మీద స్టేజీలోనే ఆగుతుంది. చేను చూస్తే డొంకలో రెండు మూడు కిలోమీటర్ల లోపల! మనది నల్లరేగడి. ఒక్క జల్లు పడితే చెప్పు కాలికి రాదు, ఆటో చక్రం తిరగదు. అప్పుడిక ట్రాక్టరే గతి.

రైతు బాధా రైతుకుంది. కూలితో పాటు బండి కిరాయి కూడా చాలాచోట్ల ఆయన నెత్తినే. రెండు ట్రిప్పులు తిప్పితే డీజిలు ఖర్చు, పైగా పొద్దెక్కిపోతుంది. అందుకే అందరినీ ఒక్క ట్రిప్పులో ఎక్కించేస్తున్నారు.

ఈ విలేకరీ ఆ తప్పు చేసినవాడే. ఒకసారి పర్చూరు అవతల పత్తి చేలు చూసి వచ్చేసరికి ఆఖరి బస్సు పోయింది. చీకటి పడుతోంది. టిక్కీలు వేసుకుని పోతున్న ట్రాక్టరు కనిపిస్తే చెయ్యెత్తి ఆపి బస్తాల మీద ఎక్కి కూర్చున్నాను. కొంతదూరం పోయాక తలెత్తి చూస్తే కరెంటు తీగ చేతికందేంత దగ్గర్లో ఉంది. ఆ రోజు గండం గడిచింది. అందరికీ గడవదు కదా!

రెండు చేదు గుర్తులు

2020 మే 14న ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలం రాపర్ల దగ్గర మిరప కోత ముగించుకుని ఇళ్లకు వస్తున్న కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని ఢీకొంది. తొమ్మిది మందికి తక్కువ కాకుండా చనిపోయారు. 2025 ఫిబ్రవరి 9న పల్నాడు జిల్లా ముప్పాళ్ల మండలం బొల్లవరం దగ్గర మిరప కూలీల ట్రాక్టరు బోల్తాపడి నలుగురు ఆడవాళ్లు ప్రాణాలు విడిచారు. రెండూ పని ముగిసి ఇంటికి వచ్చేటప్పుడు జరిగినవే.

ట్రాక్టరు ట్రక్కు సరుకు కోసం చేసింది, మనుషుల కోసం కాదు. ట్రాక్టరు మీద సీటు డ్రైవరుకొక్కడికే. పొలం పనికి కట్టిన ఇన్సూరెన్సు ట్రక్కులో ఎక్కిన కూలీలకు మామూలుగా వర్తించదు. జరగరానిది జరిగితే కూలీ కుటుంబం వీధిన పడుతుంది, ట్రాక్టరు యజమాని కోర్టుల చుట్టూ తిరుగుతాడు. మిగిలించిన డీజిలు ఖర్చు ఏ మూలకి?

ఇలా చేస్తే మేలు

* కోతకు ముందు రోజు రాత్రే ఎంతమంది వస్తారో మేస్త్రితో తేల్చుకోవాలి. పక్క పక్క చేల రైతులు ముగ్గురు కలిస్తే ప్రయాణికుల ఆటోలకు కిరాయి పంచుకోవచ్చు. ఎక్కించేది మాత్రం సీట్లకు తగ్గట్టే.

* ఆటో అయినా, వ్యాను అయినా డ్రైవరు లైసెన్సు, బండి ఇన్సూరెన్సు కాగితాలు అడిగి చూడాలి. అడగడానికి మొహమాటం వద్దు.

* డొంక బురదగా ఉంటే బండిని స్టేజీ దగ్గరే ఆపి నడవడం నయం. కోత అరగంట ఆలస్యమైతే కొంప మునగదు.

* మడ్‌గార్డు మీద, ఇంజనుకూ ట్రక్కుకూ మధ్య, బస్తాల పైన ఎవరినీ కూర్చోనివ్వొద్దు.

* పొద్దు గూకకముందే పని కట్టేయాలి. ట్రక్కు వెనక ఎర్ర రిఫ్లెక్టరు స్టిక్కర్లు అతికించాలి. కాలవ కట్ట మీద వేగం వద్దే వద్దు.

* తీగ తెగి పడితే దగ్గరికి పోకూడదు. కరెంటు వాళ్లకు 1912, అంబులెన్సుకు 108 నంబర్లకు ఫోను చేయాలి.

* కోతల కాలంలో బస్సు వేళలు మార్చమని నాలుగూళ్ల రైతులు, కూలీలు సంతకాలు చేసి డిపో మేనేజరుకు అర్జీ ఇవ్వాలి. ఒక్కరు అడిగితే వినపడదు, ఊరంతా అడిగితే వినపడుతుంది.

టిక్కీలను గుంటూరు యార్డుకు పంపేటప్పుడు పట్టా కప్పి, తాడు బిగించి, ఒక్క కాయ జారకుండా చూసుకుంటాం. ఆ కాయ కోసిన మనిషిని ఇంటికి చేర్చడంలోనూ అంత శ్రద్ధ పెట్టొద్దా?