భానుమతిగారూ, బోధన్ అమ్మాయీ

క్రిందటి రథసప్తమి నాటి సాయంత్రం. కంఠేశ్వర్‌లో మా వీథి వీథంతా నీలకంఠేశ్వరుని జాతర జనంతో నిండి వుంది. ఆ రద్దీలో ఇల్లు వెతుక్కుంటూ ఒక పెద్దమనిషి మా గడపలోకి వచ్చారు. మెడలో తువాలు, చేతిలో ప్రసాదం పొట్లం. వెనకాల, తల వంచుకుని, మా కాలేజీలో బి.ఎ. ఆఖరి సంవత్సరం చదువుతున్న ఆయన కూతురు. బోధన్ దగ్గర పల్లె వాళ్లది. మంచినీళ్లు తాగటం కూడా పూర్తి కాకుండానే ఆయన అసలు సంగతిలోకి దిగారు.

"మేడమ్, మీరన్న జర చెప్పుండ్రి దీనికి. పుణె పోతదట. సినిమా తీసుడు నేర్చుకుంటదట. ఏషం కట్టుడు గూడ కాదట, డైరెక్షనట! ఆడోళ్లు ఎక్కడన్న చేసిండ్రా గా పని?"

అమ్మాయి చేతిలో పుణె ఫిలిం ఇన్‌స్టిట్యూట్ వారి దరఖాస్తు వుంది. నేను తెలుగు పాఠాలు చెప్పుకునే దాన్ని. సంధులూ సమాసాలూ అడిగితే చెప్పగలను గాని, ఒకరి పిల్ల బ్రతుకు ఎటు తిరగాలో చెప్పమంటే ఎవరికైనా భయమే కదా! కాని ఆయన అడిగిన ప్రశ్నకు మాత్రం జవాబు వెంటనే నోటికి వచ్చింది.

"చేశారండీ. మీరూ నేనూ పుట్టక ముందే, 1953లోనే చేశారు. భానుమతిగారు."

"భానుమతంటే, మంగమ్మగారి మనవడుల ముసలమ్మనా?"

ఆమేనన్నాను. ఆయన నమ్మలేదు. నమ్మించటానికి ఆ సాయంత్రం నేను చెప్పిన సంగతులే ఇవి. పాఠకులలో పెద్దవారికి చాలావరకు తెలిసినవే కావచ్చు.

భానుమతిగారు 1925 సెప్టెంబరు 7న ఒంగోలు ప్రాంతంలోని దొడ్డవరంలో పుట్టారు. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్యగారికి సంగీతమంటే ప్రాణం. కూతురికి తానే స్వరాలు చెప్పారు. 1939లో సి. పుల్లయ్యగారు 'వరవిక్రయం' సినిమా తీస్తూ కాళింది వేషానికి ఈ పిల్లను ఎంచుకున్నారు. అప్పటికి ఆమెకు పదమూడేళ్లు. కాళ్లకూరి నారాయణరావుగారి నాటకం నేను తరగతిలో చెబుతాను గనుక ఆ వేషం సంగతి నాకు బాగా తెలుసు. కట్నం పోసి కొన్న మొగుడితో కాపురం కంటె చావే నయమనుకునే పిల్ల కాళింది. మొట్టమొదటి సినిమాలోనే భానుమతిగారి వంతుకు 'నేను ఒప్పుకోను' అనే పాత్ర వచ్చింది. ఇది కాకతాళీయమే కావచ్చు. అయినా తరువాతి కథంతా తెలిసిన మనకు అలా అనిపించదు.

ఆ రోజుల్లో మర్యాదస్థుల ఇంటి ఆడపిల్ల సినిమాల్లోకి వెళ్లటమంటే ఊరూవాడా చెవులు కొరుక్కునేది. తండ్రిగారు పంపారు గాని, హీరో పిల్ల ఒంటిమీద చెయ్యి వెయ్యకూడదని షరతు పెట్టి మరీ పంపారని చెబుతారు. ఈ మాట చెప్పగానే మా పెద్దమనిషి మొదటిసారి తల వూపారు. "తండ్రి మంచోడే" అన్నారు.

కాని ఆ తండ్రి మాటనూ ఆమె ఒకచోట దాటారు. 1943లో 'కృష్ణప్రేమ' తీస్తున్నప్పుడు దానికి సహాయ దర్శకుడిగా పనిచేస్తున్న పి.ఎస్. రామకృష్ణారావుగారిని ప్రేమించారు. ఆయనకు అప్పటికి ఆస్తీ లేదు, పేరూ లేదు. ఇంట్లో ఒప్పుకోలేదు. అయినా ఆగస్టు 8న పెళ్లి జరిగిపోయింది. పెళ్లయ్యాక ఆమె సినిమాలు మానేసి వంటిల్లు చక్కబెట్టుకుంటూ కూర్చున్నారు. అంతటితో ఆగిపోయి వుంటే ఆమె పేరు ఈనాడు ఎవరికీ గుర్తుండేది కాదు. బి.ఎన్. రెడ్డిగారు వదిలిపెట్టలేదు. 'స్వర్గసీమ' కోసం అడిగి, ఒప్పించి తీసుకువెళ్లారు. 1945లో ఆ సినిమా వచ్చింది. నిక్షేపంలాంటి సంసారాన్ని వదిలి మగవాడు తన వెంట పడేలా చేసే నాటకాల మనిషి వేషం. కొత్త ఇల్లాలు, వేయటానికి వెరవదగిన వేషం. వేశారు. ఆ పావురం పాట తరువాత తెలుగు దేశంలో ఆమె గొంతు తెలియని ఇల్లు లేదు.

ఇక్కడ నా సొంత మాట ఒకటి చెప్పుకోవాలి. మా నాన్నగారు బోధన్ శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ ఉద్యోగి. ఆ క్వార్టర్లలోనే నేను పెరిగాను. మా అమ్మకు 'మల్లీశ్వరి' పాటలన్నీ వచ్చు. పప్పు రుబ్బుతూ పాడేది, బట్టలు ఆరేస్తూ పాడేది. వాకిట్లో చెప్పుల చప్పుడు వినిపిస్తే చాలు, పాట ఆగిపోయేది. ఎవరూ పాడవద్దని చెప్పింది లేదు. ఎవరూ పాడమని అడిగిందీ లేదు. ఒకసారి నేనే అడిగాను, ఎందుకమ్మా ఆపేస్తావని. "ఆమె భానుమతమ్మ, పాడుతుంది. నాకెందుకే?" అంది. ఆ మాటలో అసూయ లేదు, బాధ కూడా వున్నట్టు తోచలేదు. నాకు మాత్రం ఈనాటికీ గుచ్చుకుంటూనే వుంది.

'మల్లీశ్వరి' 1951లో వచ్చింది. అదీ బి.ఎన్. రెడ్డిగారి చిత్రమే. కృష్ణశాస్త్రిగారి మాటలు, సాలూరి రాజేశ్వరరావుగారి స్వరాలు. చైనా వారు కూడా ఆ సినిమాను తెప్పించుకుని చూశారు. దాన్ని గురించి వ్రాయాలంటే వేరే వ్యాసమే కావాలి. మనకు కావలసింది దాని తరువాతి సంగతి.

అప్పటికే భార్యాభర్తలిద్దరూ కలిసి కొడుకు భరణి పేరు మీద భరణీ పిక్చర్స్ ప్రారంభించారు. 'రత్నమాల', 'లైలామజ్ను' తీశారు. మద్రాసులో సొంతంగా స్టూడియో కట్టుకున్నారు. ఇక 1953లో 'చండీరాణి'. కథా నాయిక ఆమె. అదీ ఒక వేషం కాదు, కవల అక్కచెల్లెళ్లుగా రెండు వేషాలు. పాటలు ఆమెవి. దర్శకత్వం ఆమెది. ఒక భాషలో కూడా కాదు, తెలుగు, తమిళం, హిందీ, మూడు భాషల్లో! సంగీతం చేస్తున్న సుబ్బరామన్‌గారు మధ్యలోనే కన్నుమూశారు. ఆయన శిష్యుడు విశ్వనాథన్ అందుకుని పూర్తి చేశారు. హీరో రామారావుగారు. అంత బరువు నెత్తిన పెట్టుకున్ననాటికి దర్శకురాలికి ఇరవై ఎనిమిదేళ్లయినా నిండలేదు. ఉత్తరాదిన ఫాత్మాబేగం 1926లో, అరవంలో రాజలక్ష్మి 1936లో దర్శకత్వం చేసి వున్నారు గాని, తెలుగులో భానుమతిగారిదే మొదటి అడుగు.

తమాషా ఏమిటంటే సరిగా ఆ ఏడే, సముద్రాల ఆవల ఇంకొక నటి ఇదే పని చేస్తున్నది. ఆమె పేరు ఐడా లుపినో. లండన్‌లో నటుల కుటుంబంలో పుట్టి, హాలీవుడ్ చేరి పెద్ద తార అయింది. ఇచ్చిన వేషం నచ్చకపోతే వెయ్యనని చెప్పి, జీతం లేకుండా ఇంట్లో కూర్చునేది. అలా కూర్చున్న రోజుల్లోనే సినిమా తీయటం ఎలాగో గమనించి నేర్చుకున్నది. భర్తతో కలిసి సొంత కంపెనీ పెట్టుకుంది. 1949లో వారి మొదటి సినిమాకు పెట్టుకున్న దర్శకుడికి గుండెజబ్బు వస్తే, తానే పూనుకుని పూర్తి చేసింది. పేరు మాత్రం ఆయనదే వేయించింది. 1953లో ఆమె సినిమాలు రెండు వచ్చాయి. 'ది హిచ్ హైకర్'లో కథంతా మగవాళ్లదే. 'ది బైగమిస్ట్'లో నటనా ఆమెదే, దర్శకత్వమూ ఆమెదే. షూటింగులో ఆమె కూర్చునే కుర్చీ వెనక 'మా అందరికీ తల్లి' అని వ్రాసి వుండేదట. మగవాళ్ల మీద పెత్తనం చేస్తున్నానని అనిపించకుండా పని జరుపుకోవటానికి ఆమె ఎంచుకున్న ఉపాయం అది. భానుమతిగారికి ఆ ఉపాయం అక్కరలేకపోయింది. నాకు ఆమె దారే నచ్చుతుంది. అయితే ఎవరి చోటు వారిది.

మనవాళ్లు ఆమెకు పొగరు అన్నారు. దానికి సాక్ష్యంగా ఎప్పుడూ చెప్పే కథ 'మిస్సమ్మ'ది. ఆ సినిమాలో మొదట నాయిక ఆమే. నాలుగు రీళ్లు తీశారు కూడా. వరలక్ష్మీవ్రతం నాడు షూటింగుకు ఆలస్యంగా వచ్చారని నిర్మాత చక్రపాణిగారు క్షమాపణ వ్రాసి ఇమ్మన్నారు. ముందే ఉత్తరం పంపానని ఆమె అన్నారు. ఉత్తరం ఆయనకు అందలేదు. ఆమె వ్రాసి ఇవ్వలేదు, ఆయన తగ్గలేదు, తీసిన రీళ్లు తగలబడ్డాయి. ఆ వేషం సావిత్రిని వరించింది, 1955లో తెలుగువారికి ఒక అపురూపమైన సినిమా దక్కింది. తన మూలంగా ఒక గొప్ప నటి బయటికి వచ్చిందని భానుమతిగారు సంతోషించారే గాని ఏడవలేదు. నష్టం నష్టమే, కాదనను. కాని క్షమాపణ వ్రాయనని అనగలగటానికి వెనక ఏముందో గమనించండి. తెల్లవారితే వెళ్లి పని చేసుకోవటానికి ఆమెకు సొంత స్టూడియో వుంది.

నేను ఇంకా చెప్పబోతున్నాను. అత్తగారి కథలు వ్రాసి మనలను నవ్వించిన సంగతి, ఆ పుస్తకానికి ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమతి వచ్చిన సంగతి, 1966లో పద్మశ్రీ, 1982లో అందరూ పిల్లలతోనే తీసిన 'భక్త ధ్రువ మార్కండేయ', 2005 డిసెంబరులో ఆమె కన్నుమూయటం, అన్నీ వరుసగా నాలుక మీద వున్నాయి. పెద్దమనిషి చెయ్యెత్తి ఆపారు.

"ఒక్క మాట మేడమ్. గా స్టూడియో సొంతదేనా, కిరాయిదా?"

"సొంతదేనండీ."

"గందుకే నడిచింది" అన్నారు ఆయన. "ఒగలి మీద ఆధారపడితే ఒగనాడు గేటు బందైతది."

ఆయన ఏ గేటు సంగతి చెబుతున్నారో మా ఇద్దరికీ తెలుసు. 1937లో పెట్టిన ఫ్యాక్టరీ, ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్దదని చెప్పుకున్న ఫ్యాక్టరీ, 2015 డిసెంబరులో మూతపడింది. అప్పటిదాకా చెరకు వేసిన ఆయన ఇప్పుడు వరి వేసుకుంటున్నారు. భానుమతిగారిని గురించి నేను పుస్తకాలు చదివి తెలుసుకున్న సంగతిని ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆమె ధైర్యాన్ని పొగుడుతూ మనం పేజీలు నింపుతాం. ఆ ధైర్యం నిలబడ్డ నేల ఎవరిదని అడగటం మరిచిపోతాం. విజయనిర్మలగారూ అంతే. తెలుగులో 1973లో 'మీనా'తో మొదలుపెట్టి, మొత్తం నలభైనాలుగు సినిమాలకు దర్శకత్వం వహించి 2002లో గిన్నిస్ బుక్కు ఎక్కారంటే, ఇంట్లోనే హీరో, ఇంట్లోనే కంపెనీ. మరి ఏ నేలా లేని పిల్ల సంగతేమిటి? దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ మాటే ఆయనతో చెప్పాను. చదువు అయ్యాక పని దొరుకుతుందని నేను పూచీ పడలేనని కూడా చెప్పాను. అమ్మాయి నా వంక కోపంగా చూసింది. చూస్తే చూసింది. అబద్ధమాడి పంపటం గురువు పని కాదు.

అప్పటిదాకా నోరు మెదపని ఆ పిల్ల సెల్‌ఫోను తీసి తండ్రి చేతిలో పెట్టింది. దానితోనే తీసిందట, పన్నెండు నిమిషాల సినిమా. ఇంట్లో ఎవరికీ చూపించలేదు. మూసిన ఫ్యాక్టరీ గేటు, దాని ముందు బండరాయి మీద కూర్చున్న నానమ్మ. చెరకు బళ్లు రాత్రంతా వరుసలో ఎలా నిలబడేవో, ఎడ్లకు గడ్డి ఎలా వేసేవారో, చలికి మంటలు వేసుకుని ఎవరెవరు పాటలు పాడేవారో ఆమె చెబుతున్నది. పెద్దమనిషి తువాలు తీసి ఒళ్లో పెట్టుకుని, ఫోను ముఖం దగ్గరగా పెట్టుకుని, చివరిదాకా చూశారు. వీథిలో జాతర డప్పులు మోగుతున్నా తల ఎత్తలేదు.

"గాలి మోతకు అమ్మ మాట సగం పోయింది" అన్నారు చివరికి. "మల్ల బండ్ల లైను గేటు కాడికెళ్లి కాదు, అవతల రోడ్డు మీదికెళ్లి వుండె. ముసల్దానికి యాదిలేదు. నన్నడిగితే చెప్తుంటి గదా!"

"మళ్లీ తీస్తా నాయినా" అంది అమ్మాయి.

దరఖాస్తు మీద ఆయన సంతకం పెట్టలేదు. నాలుగు మడతలు వేసి చొక్కా జేబులో పెట్టుకున్నారు. ఆఖరి తేదీ ఎప్పుడని మాత్రం అడిగారు. పది రోజులుందని అమ్మాయి చెప్పింది. బోధన్ బస్సు దొరకదేమోనని ఇద్దరూ లేచారు.