పాత సిస్టమ్‌కి పాత విండోస్: కొన్ని విశేషాలు

వారాసిగూడలో ఉండేవాళ్లకు పార్క్‌లేన్ సీటీసీ, అదే చెనాయ్ ట్రేడ్ సెంటర్, పెద్ద దూరమేమీ కాదు. సెకండ్ హ్యాండ్ సిస్టమ్ అనగానే చాలామంది కాళ్లు అటే నడుస్తాయి. సిస్టమ్ దొరకడం తేలికే. ఏ విండోస్ ఎక్కించాలన్న దగ్గరే పేచీ.

ఉస్మానియా విద్యార్థుల థీసిస్‌లు టైప్ చేసే డీటీపీ సెంటర్లలో పాత విండోసే కావాలనేవాళ్లు కనిపిస్తే మొండితనం అనుకోకండి. తెలుగు డీటీపీ ఏళ్ల తరబడి పేజ్‌మేకర్, అను ఫాంట్ల మీదే నడిచింది. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. విండోస్ ఎక్స్‌పీ మార్కెట్లోకి వచ్చిందీ అదే ఏడాది, అక్టోబర్ 25న. ఇక అను అక్షరాలు యూనికోడ్ కావు. ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో ఫైలు తెరిచారా, మూడేళ్ల పరిశోధన కాస్తా అర్థంకాని గుర్తుల గుట్ట!

ఎక్స్‌పీలో తెలుగు లేదనుకుంటారు గానీ, ఉంది. గౌతమి ఫాంట్ అందులోదే. కాకపోతే రీజినల్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ఒక గడిలో టిక్ పెట్టి, విండోస్ సీడీ మళ్లీ వేస్తే తప్ప వత్తులు, గుణింతాలు సరిగా అతుక్కునేవి కావు. విండోస్ 7కి వచ్చేసరికి ఆ తిప్పలు పోయాయి, వాణి అనే ఇంకో తెలుగు ఫాంటు కూడా చేరింది.

విండోస్ 7 ఎక్కిస్తుంటే మొదటి స్క్రీన్ దగ్గరే కీబోర్డు, మౌస్ పడుకున్నాయా? అవి పాడవలేదు. 2009 నాటి ఆ విండోస్‌లో యూఎస్‌బీ 3.0 డ్రైవర్లు లేవు. ఇంటెల్ ఆరో తరం సిస్టమ్‌ల నుంచి ఈ చిక్కు ఎక్కువ. డ్రైవర్లు కలిపిన పెన్‌డ్రైవ్ తయారుచేసుకోవాలి, లేదా గుండ్రటి పిన్ను ఉన్న పాత కీబోర్డు వెతకాలి.

8 జీబీ ర్యామ్ వేయించి 32 బిట్ విండోస్ 7 ఎక్కిస్తే 4 జీబీ కూడా పూర్తిగా వాడుకోదు. డబ్బు దండగ.

పాత సిస్టమ్‌లో వెబ్‌సైట్లు తెరుచుకోకపోతే ముందు తేదీ చూడండి. మదర్‌బోర్డు మీది సీఆర్ 2032 బిళ్ల బ్యాటరీ అయిపోతే గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది. సైట్ల సర్టిఫికెట్లు చెల్లవని బ్రౌజర్ మొరాయిస్తుంది. బిళ్ల మార్చి తేదీ సరిచేస్తే సరి.

ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కి 2020 జనవరి 14న మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగింది. 2017 మేలో వాన్నక్రై వైరస్ ప్రపంచమంతా పాకినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. ఎప్పుడో వదిలేసిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ అప్పుడు ప్రత్యేకంగా ప్యాచ్ ఇవ్వాల్సి వచ్చింది.

విండోస్ 10 వంతూ 2025 అక్టోబర్ 14తో తీరింది. ఆరో తరం సిస్టమ్‌లకు విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. అలాంటి వాటికి ఎస్‌ఎస్‌డీ వేసి లినక్స్ ఎక్కించడమే మేలని నా లెక్క. మన హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ డెబియన్ ఆధారంగా తెలుగు మెనూలతో ఒక లినక్స్‌నే తయారుచేసింది.

పేజ్‌మేకర్ కోసం పాత విండోస్ తప్పదంటారా, నిక్షేపంగా వేసుకోండి. ఆ సిస్టమ్‌కి మాత్రం నెట్ కేబుల్ పెట్టకండి, అందులో బ్యాంకు పనులు అసలే వద్దు.