గూళ్ల డబ్బు ఫోన్‌లోనే పోతుంటే



శిడ్లఘట్ట, రామనగర మార్కెట్లలో గూళ్లు అమ్మితే ఇప్పుడు డబ్బు నేరుగా ఖాతాలో పడుతుంది. నెల పొడుగునా ఆకు కోసి, రాత్రి మేతలేసి, నాలుగు జ్వరాలు దాటించిన పంట డబ్బంతా ఒక్కసారే వస్తుంది. అదే ఫోన్‌లో రమ్మీ, బెట్టింగ్ ఆప్ ఉంటే మేతకీ మేతకీ మధ్య గంటలోనే ఊడ్చుకుపోతుంది. పోయింది రాబట్టుకోవాలని మళ్లీ వేస్తారు. తర్వాత చాకీ పురుగులకి అప్పు చేస్తారు.

*చట్టం ఏమంటుంది?*

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటికీ, నైపుణ్యం ఆటలని చెప్పుకునేవాటికీ, అందులో నిషేధం ఉంది. నడిపేవాళ్లకు 3 ఏళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలు ఇచ్చేవాళ్లకు 2 ఏళ్లు, 50 లక్షల దాకా. ఆడి నష్టపోయినవాళ్లకు ఈ చట్టంలో శిక్ష లేదు. తమిళనాడు 2022 చట్టం మాత్రం ఆన్‌లైన్ జూదం ఆడినవాళ్లకూ శిక్ష పెట్టింది. హొసూరు, కృష్ణగిరి వైపువాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. ఊళ్లో డబ్బు పెట్టి పేకాడి దొరికితే కేసు ఎటూ తప్పదు.

*ఎవరికి ఫోన్ చేయాలి?*

పాలరోగం పట్టిన పురుగుల్ని ఏరకుండా వదిలేస్తే తట్టంతా పోతుందని మనకు తెలుసు. ఇదీ అంతే, దాచేకొద్దీ అప్పు పెరుగుతుంది.

▪ 14416, టెలిమానస్. ఖర్చు లేదు, రాత్రీ పగలూ పలుకుతారు. తెలుగు కావాలని అడగండి. ఆడే మనిషి ఒప్పుకోకపోతే ఇంటివాళ్లైనా చేయొచ్చు. బతకాలని లేదని ఎవరైనా అంటే తెల్లారేదాకా ఆగొద్దు, ఆ రాత్రే చేయండి.

▪ బెంగళూరు నిమ్హాన్స్‌లో ఫోన్, ఆన్‌లైన్ ఆటల అలవాటు మాన్పించడానికే షట్ క్లినిక్ ఉంది. 2014 నుంచి నడుస్తోంది. దూరమైతే జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుణ్ణి అడగండి.

▪ 1930, సైబర్ మోసాలకు. ఆప్ మోసం చేసి డబ్బు లాగేసిందంటే వెంటనే చేయాలి. ఆలస్యమైతే డబ్బు చేతులు మారిపోతుంది.

“పోయిన డబ్బు తెప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి” అని ఎవరైనా ఫోన్ చేస్తే అది రెండో మోసం. పైసా పంపొద్దు.

*ఇంట్లో చేయాల్సింది*

గూళ్ల డబ్బు పడిన రోజే చాకీ, ఎరువు, కూలీల లెక్క తీసి ఇంటావిడ ఖాతాలో వేయండి. యూపీఐ రోజు పరిమితి తగ్గించండి. ఆప్ తీసేయండి. అప్పు ఎంతుందో ఇంట్లో ఒక్కరికైనా ఉన్నదున్నట్టు చెప్పండి.

ఈ మెసేజ్ మీ ఊరి గ్రూపులో పెట్టండి. అవసరమున్నవాళ్లు అడగరు, చదువుకుంటారు.