సాగర సార్థం

పూర్వం వర్తకులు అరణ్యమార్గాలలో ఒంటరిగా ప్రయాణించేవారు కారు. దొంగల భయం, మృగభయం ఉన్న దారులలో పలువురు కలసి, సరుకులతో గుంపుగా సాగిపోయేవారు. ఆ గుంపునకు సార్థమని, దానిని నడిపించేవానికి సార్థవాహుడని పేరు. భారతంలోని నలోపాఖ్యానంలో భర్తకు దూరమైన దమయంతి అడవి దాటడానికి ఆశ్రయించినది అటువంటి సార్థాన్నే. ఒక రాత్రి అడవి ఏనుగులు ఆ సార్థంపై పడి ఎందరినో తొక్కి చంపాయి. గుంపుగా ఉన్నంత మాత్రాన ఆపద రాకుండా పోదు. అయినా ఒంటరి ప్రయాణం కంటె అదే మేలని అనుభవం నేర్పింది.

ఇరవయ్యో శతాబ్దంలో జరిగిన రెండు ప్రపంచ యుద్ధాలలో ఈ ప్రాచీన పద్ధతి మహాసముద్రంపై మళ్ళీ ప్రాణం పోసుకుంది. యుద్ధనౌకల రక్షణలో గుంపుగా సాగే వాణిజ్యనౌకల సమూహాన్ని కాన్వాయ్ అంటారు.

బ్రిటన్ ద్వీపదేశం. తిండిగింజలలో అధికభాగం, చమురు మొత్తం దాదాపుగా సముద్రం మీదుగానే రావాలి. ఆ దారిని మూసివేస్తే శత్రువు ఆకలితో లొంగిపోతాడని జర్మనీ భావించింది. 1917 ఫిబ్రవరి నుండి కనిపించిన ప్రతి నౌకనూ ముంచివేయవలసిందిగా తన జలాంతర్గాములను ఆదేశించింది. ఆ ఏప్రిల్ ఒక్క నెలలోనే 8 లక్షల టన్నులకు పైగా పరిమాణం గల నౌకలు మునిగిపోయాయి. అయినా బ్రిటిష్ నౌకాదళాధిపతులు కాన్వాయ్ పద్ధతికి చాలాకాలం సమ్మతించలేదు. నౌకలన్నీ ఒకచోట చేరితే శత్రువుకు అన్నీ ఒకేసారి దొరుకుతాయని వారి శంక.

ఆ శంక సహజమైనదే కాని సరియైనది కాదు. సముద్రం అపారమైనది. జలాంతర్గామి నుండి చూచేవానికి దృష్టి సాగే దూరం కొద్ది మైళ్ళు మాత్రమే. నలభై నౌకలు విడివిడిగా పోతే నలభై చోట్ల కంటబడే అవకాశం ఉంది. అవే ఒకచోట చేరి సాగితే, ఆ గుంపు కంటబడే అవకాశం ఒక్క నౌకకున్న దానికంటె ఏ కొంచెమో మాత్రమే ఎక్కువ. 1917 మే నెలలో కాన్వాయ్‌లు మొదలయ్యాక నష్టాలు క్రమంగా తగ్గుముఖం పట్టాయి.

రెండవ ప్రపంచ యుద్ధంలో ఈ పోరాటం మొదటిరోజునే ఆరంభమైంది. 1939 సెప్టెంబరు 3న బ్రిటన్ యుద్ధం ప్రకటించిన కొన్ని గంటలకే ఎథీనియా అనే ప్రయాణికుల నౌకను జర్మన్ జలాంతర్గామి ముంచివేసింది. వెంటనే కాన్వాయ్‌లను మళ్ళీ ఏర్పాటు చేశారు. వీటిలో నౌకలు అనేక వరుసలుగా నడిచేవి. కాన్వాయ్ ముందుభాగం వెడల్పుగా, లోతు తక్కువగా ఉండేది. పక్కల నుండి వచ్చే టార్పెడోకు తక్కువ నౌకలు గురికావాలన్నది దీని ఉద్దేశం. చమురు, మందుగుండు మోసే నౌకలను మధ్యలో ఉంచేవారు. రాత్రివేళ దీపాలు వెలిగించరాదు. కాన్వాయ్ వేగం అందులోని అతి నెమ్మది నౌక వేగమే. నెమ్మదిగా సాగే కాన్వాయ్‌లు గంటకు ఏడు నాటికల్ మైళ్ళకు మించి పోయేవి కావు.

జర్మన్ జలాంతర్గాముల అధిపతి డోనిట్జ్ ఈ గుంపును మరొక గుంపుతోనే ఎదుర్కోదలచాడు. కాన్వాయ్‌ను చూచిన జలాంతర్గామి తొందరపడి దాడి చేయక, వెన్నంటి పోతూ వైర్‌లెస్ ద్వారా వార్త పంపేది. మిగిలినవన్నీ తోడేళ్ళ మందవలె అక్కడకు చేరేవి. నీటి అడుగున జలాంతర్గామి వేగం స్వల్పం. నీటిపైన అది వాణిజ్యనౌకను సులభంగా దాటగలదు. పైగా రక్షకనౌకలు వాడే ధ్వనియంత్రం నీటి అడుగున ఉన్నదానినే బాగా పసిగట్టేది. అందువల్ల జలాంతర్గాములు రాత్రిపూట నీటిపైకి వచ్చి, చీకటిలో కాన్వాయ్ మధ్యకే చొచ్చుకొనిపోయేవి.

కాన్వాయ్ నియమాలన్నిటిలో కఠినమైనది మరొకటి ఉంది. తోటి నౌక మునిగిపోతున్నా మిగిలినవి ఆగరాదు. ఆగిన నౌక తరువాతి టార్పెడోకు గురి అవుతుంది. చల్లని నీటిలో పడి కేకలు వేసే మనుష్యులను విడిచి సాగిపోవలసి రావడం నావికులకు భరింపరాని వేదన. ఈ లోపాన్ని కొంతైనా పూరించడానికి 1941 నుండి కొన్ని కాన్వాయ్‌ల చివర ప్రత్యేక రక్షణనౌకలను నడిపారు. యుద్ధం ముగిసేలోగా అవి నాలుగు వేల మందికి పైగా ప్రాణాలను కాపాడాయి.

కలసి ఉండడం వలన కలిగే బలం, విడిపోవడం వలన కలిగే నష్టం ఎంతటివో 1942 జులైలో పి.క్యూ. 17 అనే కాన్వాయ్ గాథ తెలుపుతుంది. సుమారు 35 వాణిజ్యనౌకలు సోవియట్ రష్యాకు యుద్ధసామగ్రి తీసుకొని జూన్ 27న ఐస్‌లాండ్ నుండి బయలుదేరాయి. జర్మన్ మహాయుద్ధనౌక టిర్పిట్జ్ వాటిపైకి వస్తున్నదని లండన్‌లోని నౌకాదళాధిపతి డడ్లీ పౌండ్ అనుమానించాడు. జులై 4 రాత్రి కాన్వాయ్ చెదరిపోవలసిందిగా ఆజ్ఞ పంపాడు. పెద్ద ఫిరంగులు గల యుద్ధనౌక ఎదురైతే చెదరిపోవడం సబబే. కాని అక్కడ పొంచి ఉన్నవి జలాంతర్గాములు, విమానాలు. వాటికి ఒంటరి నౌకను మించిన సులభమైన వేట లేదు. ప్రధాన రక్షకనౌకలు పడమటికి మరలిపోయాయి. టిర్పిట్జ్ మరునాడు బయలుదేరినా కాన్వాయ్‌ను చేరకుండానే తిరిగిపోయింది. అయినా మొత్తం 24 వాణిజ్యనౌకలు మునిగిపోయాయి. వాటిలో అత్యధికం విడిపోయిన తరువాత మునిగినవే. 153 మంది వాణిజ్యనావికులు మరణించారు.

ఆ విపత్తులోనే మరొక దృశ్యం కనిపిస్తుంది. ఎయిర్‌షైర్ అనే చిన్న రక్షకనౌకకు అధిపతి లియో గ్రాడ్‌వెల్. యుద్ధానికి ముందు ఆయన న్యాయవాది. తనకు ఎదురైన మూడు వాణిజ్యనౌకలను వెంటబెట్టుకొని మంచుగడ్డల నడుమకు తీసుకొనిపోయాడు. శత్రు విమానాలకు కనబడకుండా నౌకలకు తెల్లరంగు పూయించాడు. నాలుగూ కలసి చివరకు క్షేమంగా రష్యా తీరం చేరాయి. చెదరిపొమ్మన్న ఆజ్ఞ తరువాత కూడా ఆయన ఒక చిన్న సార్థాన్ని కూర్చుకొన్నాడు.

కాన్వాయ్ ఎంత పెద్దదిగా ఉండాలన్న ప్రశ్నకు గణితం సమాధానమిచ్చింది. 1948లో నోబెల్ బహుమతి పొందిన భౌతికశాస్త్రవేత్త పాట్రిక్ బ్లాకెట్, ఆయన సహచరులు గత దాడుల లెక్కలను పరిశీలించారు. వరుసకు ఐదు చొప్పున ఐదు వరుసలలో 25 నౌకలు పడతాయి. వరుసకు పది చొప్పున పది వరుసలలో 100 నౌకలు పడతాయి. నౌకల సంఖ్య నాలుగు రెట్లయింది. కావలి కాయవలసిన చుట్టుకొలత మాత్రం సుమారు రెండు రెట్లే. కాన్వాయ్ పెరిగినంత మాత్రాన జలాంతర్గామి ముంచగల నౌకల సంఖ్య పెరగదు. కాబట్టి పెద్ద కాన్వాయ్‌లోనే ప్రతి నౌకకూ ఆపద తక్కువ.

1943 మార్చిలో రెండు కాన్వాయ్‌లపై జరిగిన దాడులలో 22 నౌకలు నష్టమయ్యాయి. కాని రాడార్, దూరప్రయాణ విమానాలు, శత్రువు రహస్యసంకేతాలను ఛేదించిన మేధావుల కృషి, అదనపు రక్షకనౌకలు కలసి రెండు నెలలలో పరిస్థితిని తారుమారు చేశాయి. మే నెలలో నలభైకి పైగా జలాంతర్గాములు నాశనం కాగా, డోనిట్జ్ ఉత్తర అట్లాంటిక్ నుండి వాటిని ఉపసంహరించుకొన్నాడు. ఆ జలాంతర్గాములలో పనిచేసిన వారి గతి కూడా దారుణమైనదే. యుద్ధం ముగిసేసరికి నలుగురిలో ముగ్గురు తిరిగి రాలేదు.

ఈ చరిత్రలో భారతీయులకూ భాగముంది. బ్రిటిష్ వాణిజ్యనౌకల సిబ్బందిలో సుమారు నాలుగో వంతు భారత ఉపఖండానికి చెందినవారు. వారిని లాస్కర్లు అనేవారు. తెల్లవారి కంటె ఎంతో తక్కువ వేతనానికి పనిచేసేవారు. వారిలో అనేకులు నౌక అడుగుభాగాన బాయిలర్లలో బొగ్గు వేసేవారు. టార్పెడో తగిలినప్పుడు నీరు ముందుగా ప్రవేశించేది అక్కడికే. పైకి చేరే దారి పొడవైనది. ఆ యుద్ధంలో ఆరు వేలకు పైగా భారతీయ నావికులు మరణించారు. వారి పేర్లు ముంబైలోను, నేటి బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్‌లోను ఉన్న స్మారకగ్రంథాలలో నమోదై ఉన్నాయి.

కాన్వాయ్ విజయాన్ని సేనాపతుల నిర్ణయాలతో, యంత్రాల శక్తితో మాత్రమే కొలవడం ఉచితం కాదు. వేగంగా పోగల నౌక నెమ్మది నౌక కోసం తన వేగాన్ని తగ్గించుకొంది. బొగ్గు వేసే కార్మికుడు తన పారను విడువలేదు. పక్కనున్న నౌక కూలినా మిగిలినవి తమ వరుస తప్పలేదు. ఆ వరుస నిలిచినందువల్లనే ఆవలి తీరంలోని ప్రజలకు అన్నం దొరికింది.