నాటు పిల్లికి వంశవృక్షం ఉందా?

పిల్లిని పెంచడమనేది మన కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో ఒకప్పుడు ఎవరూ పనిగట్టుకుని చేసింది కాదు. గుమ్మిలో వడ్లుంటే ఎలుకలుండేవి, ఎలుకలుంటే పిల్లి తనంతట తానే వచ్చేది. ఇంత పాలన్నం పెడితే తిని పొయ్యి పక్కన పడుకునేది. దాన్ని కొన్నవారు లేరు, అమ్మినవారు లేరు. ఇప్పుడు పట్టణాల్లో వేల రూపాయలు పెట్టి కొంటున్నారు. దుకాణంలో అడిగితే 'డాల్ ఫేస్', 'సెమీ పంచ్', 'పంచ్ ఫేస్' అని పర్షియన్ పిల్లులను చూపిస్తరు. ముక్కు ఎంత లోపలికి పోతే ధర అంత పైకి పోతది! ఇంటి వెనుక తిరిగేదానికి మాత్రం 'నాటుది', 'మిక్స్‌డ్' అని పేరు. అంటే జాతి లేనిదన్నమాట.

ఈ మాట శాస్త్రం ముందు నిలువదు. జాతి పిల్లులు కలగాపులగమై నాటు పిల్లి పుట్టలేదు. నాటు పిల్లుల్లోంచి ఏరగా ఏరగా జాతులు పుట్టినవి. పశ్చిమాసియాలో మనిషి ధాన్యం నిలువ చేయడం మొదలుపెట్టిన కాలంలో ఊళ్లకు అలవాటుపడిన అడవిపిల్లే నేటి పెంపుడు పిల్లులన్నింటికీ మూలమని 2007లో వెలువడిన జన్యు పరిశోధన తెలిపింది. సైప్రస్ దీవిలో సుమారు 9,500 ఏళ్ల నాటి సమాధిలో మనిషి పక్కనే పిల్లి అస్థిపంజరం దొరికింది. (మన కవ్వాల్ అడవిలోని బావురుపిల్లి దీనికి దాయాదే గాని తాత కాదు.) మరి 'జాతి పిల్లి' వయసెంత? హారిసన్ వీర్ అనే చిత్రకారుడు 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో పెద్ద పిల్లుల ప్రదర్శన ఏర్పాటు చేశాడు. ముక్కు ఎట్లుండాలి, చెవి ఎట్లుండాలి అని కొలతలు రాసుకుని, వంశావళి పుస్తకాలు పెట్టి పెంచడం ఆ తర్వాతనే ఊపందుకున్నది. ఆ వంశావళి కాగితం లేకుండా దుకాణంలో అమ్మే 'ప్యూర్' పిల్లికి రూపమే తప్ప రుజువు లేదు.

కోరిన రూపం నిలబడాలంటే దగ్గరి చుట్టాలనే మళ్లీ మళ్లీ జత కట్టించాలి. మేనరికాలు ఎరిగిన మనకు ఇందులోని చిక్కు వివరించనక్కర లేదు. పైగా ఇక్కడ తండ్రికి కూతురిని జత చేయడం కూడా ఉంటుంది. అందంతో పాటు దోషమూ స్థిరపడుతుంది. 1961లో స్కాట్లాండ్‌లో చెవులు ముందుకు మడతపడిన ఒక పిల్లి కనబడింది. దాని సంతతే స్కాటిష్ ఫోల్డ్. చెవిని మడిచిన ఆ జన్యువే కీళ్లలోని మృదులాస్థిని కూడా చెడగొడుతుంది. ముచ్చటగా ఒకే చోట కూర్చునే ఆ పిల్లి నొప్పితో కదలలేక కూర్చున్నదీ కావచ్చు.

పర్షియన్ సంగతి వేరు. దాని మూత్రపిండాల్లో నీటితిత్తులు పెరిగే వంశపారంపర్య వ్యాధి ఉంది. కారణమైన జన్యులోపాన్ని 2004లో గుర్తించారు. అంతకుముందు బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో జరిపిన పరిశీలనల్లో మూడింట ఒక వంతుకు పైగా పర్షియన్ పిల్లుల్లో ఈ జబ్బు కనబడింది. కూనగా ఉన్నప్పుడు పైకి ఏమీ తెలియదు, ఏళ్లు గడిచాక బయటపడుతుంది. "నాటుదానితో క్రాస్ చేస్తే పోతది గదా" అని పత్తి విత్తనాల సంగతి తెలిసిన మిత్రులు అంటుంటారు. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే బయటపడే దోషాల విషయంలో ఆ మాట చాలావరకు నిజం. కానీ ఇది ఒక్క వైపు నుంచి వచ్చినా చాలు, బయటపడే రకం. జబ్బున్న పర్షియన్‌కు నాటు పిల్లితో పుట్టే కూనల్లో సుమారు సగానికి ఇది సంక్రమిస్తుంది. చెంప లోపలి తడితో చేసే పరీక్ష ఉంది. తల్లిదండ్రులకు చేయించారా అని అడిగి కొనేవారు ఎందరు?

ఇక మన ఎండలు. రామగుండంలో మే నెలలో 45 డిగ్రీలు దాటిన రోజులుంటాయి. పిల్లికి చెమట ప్రధానంగా పాదాల మెత్తల్లోనే పడుతుంది. ఒత్తైన ఉన్ని, సన్నని ముక్కురంధ్రాలు, అస్తమానం కారే కన్నీళ్లు ఉన్న పంచ్ ఫేస్ పిల్లిని కరెంటు పోయిన మధ్యాహ్నం రేకుల గదిలో ఉంచడమంటే శిక్షే. పొట్టి బొచ్చు నాటు పిల్లి బావి గచ్చు మీదనో కుండల చాటుననో చల్లని చోటు తానే వెతుక్కుంటుంది.

అట్లని నాటు పిల్లికి రోగాలు రావని కాదు. కూనలను వాంతులు, విరేచనాలతో రెండు మూడు రోజుల్లోనే పొట్టనబెట్టుకునే ప్యాన్‌ల్యూకోపీనియా జాతి చూసి రాదు, రేబీస్ అసలే చూడదు. బర్రెలకు, గొర్రెలకు సూది వేయించడం తెలిసిన మనకు పిల్లికి వేయించడం ఇంకా అలవాటు కాలేదు. ఆడపిల్లి నాలుగైదు నెలల వయసుకే చూలు కట్టవచ్చు, సుమారు తొమ్మిది వారాల్లో ఈనుతుంది. ఆపరేషన్ చేయించక, పుట్టిన కూనలను సంచిలో కట్టి ఊరవతల వదిలి వచ్చేవారు మనలోనే ఉన్నారు.

స్వభావం మాటకొస్తే, పర్షియన్ సాధువని, నాటుది దొంగదని ఒక నమ్మకం. జాతిని బట్టి కొంత తేడా ఉన్న మాట వాస్తవమే. కానీ రెండో వారం నుంచి ఏడో వారం దాకా మనిషి చేతుల్లో మెలిగిన కూన మచ్చికవుతుంది. ఆ ఐదారు వారాలు మనిషి ముఖం చూడనిది జీవితాంతం బెదురుతూనే ఉండవచ్చు. పిల్లి తన కూనలను ఏడిళ్లు తిప్పుతుందంటారు. హాస్టల్ మెస్ వెనుక ఈనిన పిల్లిని బకెట్ నీళ్లు కొట్టి తరిమేది సరిగ్గా ఆ వారాల్లోనే.