పుట్టినరోజుకు డైపర్ బంద్ కావాల్నా?

మా బిడ్డకు మొన్న మే నెలల మూడేండ్లు నిండినయి. పుట్టినరోజుకు నెల ముందు నుంచే మా ఇంట్ల రెండు ముచ్చట్లు నడిచినయి. ఒకటి కొత్త గౌను, కేకు, చుట్టాల పిలుపులు. రెండోది డైపర్. జూన్ల బడికి పంపుదామని ఓ ప్లే స్కూల్‌ల అడిగితే, "మూడేండ్లు నిండేలోపు డైపర్ మాన్పియ్యండి, లేకుంటే తీస్కోం" అన్నరు. నేను క్యాలెండర్‌ల పుట్టినరోజు తారీఖు చుట్టూ సున్న చుట్టిన. ఆ రోజుకల్లా అయిపోవాలె అనుకున్న. నేను చేసిన తప్పు అదే. ఇంకో తల్లి చేయొద్దని ఇది రాస్తున్న.

ముందు లెక్క సంగతి చెప్త. పిల్లలు ఏ వయసుకు ఏం చేయాలె అని డాక్టర్ల దగ్గర ఓ లిస్టు ఉంటది. అమెరికా సీడీసీ వాళ్లు 2022ల ఈ లిస్టును మళ్ల సరిజేసిన్రు. వందల డెబ్బై అయిదు మంది పిల్లలు ఏ వయసుకు ఏ పని చేయగలుగుతరో చూసి దాన్ని తయారుజేసిన్రు. రెండేండ్లకు రెండు మాటలు కలిపి చెప్పాలె, ఉరకాలె, బంతిని కాలుతోటి తన్నాలె, చెంచాతోటి తినాలె. మూడేండ్లకు ఎవరు, ఏంది, ఎక్కడ అని అడగాలె, చూపిస్తే గుండ్రంగ సున్న గీయాలె, తనంతట తాను కొన్ని బట్టలు ఏసుకోవాలె. ఆ రెండు లిస్టులల్ల ఎక్కడ సుత డైపర్ మానుడు లేదు. ఎందుకంటే ఒక్కో పిలగానికి ఒక్కో టైమ్ పడుతది. టి. బెర్రీ బ్రాజెల్టన్ అనే అమెరికా పిల్లల డాక్టర్, తను చూసిన 1,170 మంది పిల్లల లెక్కను 1962ల అచ్చేసిండు. పిల్లలను తొందరపెట్టకుంట, వాళ్లు తయారైనప్పుడు నేర్పితే, పగటిపూట అలవాటయ్యేందుకు సగటున 28 నెలలు దాటింది. సగటు అంటేనే కొందరికి ముందు, కొందరికి ఎన్క.

ఇది ఒక్క పని కాదు, అయిదారు పనులు. ఉచ్చ సంచి నిండిందని ముందు బిడ్డకు తెలియాలె. తెలిసినంక కొంచెంసేపు ఆపుకోవాలె. నోటితోటో సైగతోటో చెప్పాలె. నడిచి పోవాలె. చెడ్డీ గుంజుకోవాలె. కూసుని వదలాలె. మన ఒంట్ల బయటికి పోయే తోవకు రెండు తలుపులున్నట్టు లెక్క. లోపలి తలుపు దానంతట అదే తెరుచుకుంటది. బయటి తలుపు మన చేతుల ఉంటది. దాని మీద పట్టు పిల్లలకు పుట్టంగనే రాదు. నరాలు, మెదడు ఎదిగేకొద్ది, ఏడాదిన్నర దాటినంక మెల్లమెల్లగ వస్తది. కొట్టినా తిట్టినా ముందుకు జరగదు.

మా అత్తమ్మ ఈ మాట ఒప్పుకోలే. "మా పిల్లలకు ఏడాదికే అయిపోయింది, మీ డైపర్లే చెడగొట్టినయి" అన్నది. ఆమె మాటల నిజం లేకపోలే. ఎన్కట నెలల పిల్లను రెండు పాదాల మీద కూసోబెట్టుకుని, "ష్... ష్..." అనుకుంట పోయించేటోళ్లు. లంగోటి తడిస్తే బిడ్డకు వెంటనే తెలిసేది. డైపర్ తడిని లోపలికి గుంజుకుంటది, బిడ్డకు తడి తెలువదు. కాని అప్పుడు ఆపుకున్నది బిడ్డ కాదు, టైమ్ పట్టింది అమ్మమ్మ. పాలు తాగినంక ఎంతసేపటికి పోతది, మొకం ఎట్ల పెడుతది అని పొద్దంత చూసే మనిషి ఇంట్ల ఉండేది. వాకిట్ల పోసినా ఓ చెంబు నీళ్లతోటి అయిపోయేది. మాది కిరాయి ఇల్లు. ఇద్దరం డ్యూటీలకు పోతం. అత్తమ్మ ఊర్లె ఉంటది. ఆ పద్ధతి తప్పు కాదు, ఆ పద్ధతికి కావల్సిన మనిషి మా ఇంట్ల లేదు.

ఇగ మా బిడ్డ సంగతి. డైపర్ ఇప్పేసి గంటగంటకు కూసోబెట్టిన. ఉచ్చ సంగతి వారంల కొంచెం పట్టుబడ్డది. దొడ్డికి మాత్రం రాదు. ఒకనాడు గట్టిగ వచ్చి నొప్పైంది, ఏడ్చింది. అప్పటి నుంచి ఆపుకునుడు మొదలువెట్టింది. తలుపు ఎన్కకు పోయి, కాళ్లు దగ్గరికి పెట్టి, బిగవట్టి నిలవడేది. మొకం ఎర్రగయ్యేది. "పోతున్నదేమో" అనుకున్న గాని, ఆపుకుంటున్నది అని నాకు తెల్వలే. మా ఆడిబిడ్డ కొడుకుతోటి పోల్చి తిట్టిన. "పుట్టినరోజు వస్తున్నది, ఇంకా చిన్నపిల్లవా" అన్న.

పుట్టినరోజు నాడు కేకు కోసే ముందు కొత్త గౌను ఖరాబైంది. పల్చగ కారింది. చుట్టాలల్ల ఒకామె "ఇంత పెద్దగైంది, ఇంకా గిదేంది" అన్నది. నాకు తల కొట్టేసినట్టయింది. బాత్రూంల తీస్కపోయి వీపు మీద ఒక్కటి ఏసిన. బిడ్డ ఏడుసుకుంట ఒక్కటే మాట అన్నది: "నేను పోలే అమ్మా, అదే అచ్చింది."

అబద్ధం అనుకున్న. రెండు రోజులైనంక విరేచనాలని డాక్టర్ దగ్గరికి తీస్కపోతే, ఆమె కడుపు ఒత్తి చూసి, "ఇది విరేచనం కాదు, మలబద్ధకం" అన్నది. బిడ్డ చెప్పిందే నిజమైంది.

డాక్టర్ చెప్పింది ఇది. మలం లోపల ఎంతసేపు ఉంటే పెద్దపేగు అంత నీళ్లు గుంజుకుంటది. మలం గట్టివడుతది, పెద్దగైతది. పోతే నొప్పైతది. నొప్పికి భయపడి బిడ్డ ఇంకింత ఆపుకుంటది. రోజులు గడిస్తే కింది పేగు సాగిపోయి, నిండినట్టు తెలుసుడే బందైతది. అప్పుడు గట్టిది లోపలనే ఉండి, పక్కల నుంచి పల్చటిది కారుతది. అది బిడ్డ చేతుల ఉండదు. మనం తిడితే భయం పెరిగి ఇంకింత బిగవడుతది.

మందు రాసింది, మలం మెత్తవడెటందుకు సిరప్. రెండు రోజులల్ల ఆపొద్దు, పేగు మళ్ల మామూలుగ అయ్యేదాక ఇయ్యాలె, నేను చెప్పినంకనే తగ్గియ్యాలె అన్నది. డైపర్ మళ్ల ఏయమన్నది. అది ఓడిపోవుడు కాదు, భయం పోయేదాక ఆగుడు. పాలు తగ్గించి అన్నం, పప్పు, ఆకుకూర, జామపండు, నీళ్లు పెంచమన్నది. తిన్నంక పేగులు కదులుతయి కాబట్టి, పొద్దున, రాత్రి తిన్న కొద్దిసేపటికి అయిదు నిమిషాలు కూసోబెట్టమన్నది. కమోడ్ మీదనైతే కాళ్లు గాలిల యాలాడొద్దు, కింద చిన్న పీట ఏయాలె. కాళ్లకు ఆసర లేకుంటే ముక్కుడు రాదు. వస్తే మెచ్చుకోవాలె, రాకుంటే ఏమనొద్దు.

నెల రోజులకు నొప్పి పోయింది. ఇంకో నెలకు తలుపు ఎన్క నిలవడుడు ఆగింది. ఒకనాడు తనే వచ్చి "అమ్మా, పీట ఎయ్యి" అన్నది.

మీ బిడ్డ తయారైందా అని తెలుసుకోవాలంటే వయసు కాదు, గురుతులు చూడాలె. రెండు గంటలు పొడిగ ఉంటున్నదా? తడిస్తే చెప్తున్నదా, తీసెయ్యమంటున్నదా? చిన్న మాట చెప్తే చేస్తున్నదా? చెడ్డీ గుంజుకుంటున్నదా? ఇవి ఉంటే మొదలువెట్టుండ్రి. తమ్ముడో చెల్లెనో పుట్టినప్పుడు, ఇల్లు మారినప్పుడు, జరమొచ్చినప్పుడు వద్దు. రాత్రి సంగతి వేరే. అయిదేండ్లు నిండేదాక రాత్రి పక్క తడిపితే రోగం కాదు.

కొన్నిటికి మాత్రం ఆగొద్దు. మలంల నెత్తురు వస్తే, ఉచ్చ పోసేటప్పుడు మంటైతే డాక్టర్‌కు చూపియ్యాలె. అలవాటైన బిడ్డ మళ్ల మస్తు ఉచ్చ పోసుకుంట, నీళ్లు ఎక్కువ తాగి, బరువు తగ్గితే అదే రోజు షుగర్ పరీక్ష చేయించాలె. ఏడాదిన్నరకు నడవకున్నా, రెండేండ్లకు రెండు మాటలు కలపకున్నా, వచ్చిన మాటలు పోయినా "వాళ్ల నాయనకు సుత లేటే" అని ఊకోవద్దు. సర్కారు దవాఖానల, అంగన్‌వాడీల ఆర్‌బీఎస్‌కే కింద పైసల్లేకుంట చూస్తరు.

బడులోళ్లకు ఒక్క మాట. 2020 జాతీయ విద్యా విధానం మూడేండ్ల నుంచే పిల్లల చదువు లెక్కవెట్టింది. మూడేండ్ల పిల్లలను తీస్కుంటామంటే, చిన్న దొడ్డి, ఓపికున్న ఆయమ్మ ఉండాలె. డైపర్ ఉన్నదని తలుపు ఏస్తే, ఆ భారం పోయి పిల్లల కడుపుల మీదనే పడుతది.

మా బిడ్డను దసరా సెలవులైనంక ఇంకో బడిల ఏసినం. నాలుగు నెలలు లేటైంది, ఏం నష్టం కాలే. కాని ఆనాడు బాత్రూంల నేను నమ్మని మాట ఇంకా నా చెవులల్ల ఉన్నది. బిడ్డ "అదే అచ్చింది" అంటే, ముందు నమ్ముండ్రి. తర్వాత డాక్టర్‌ను అడుగుండ్రి.